ఫాదరు నోరెందుకు విప్పలేదు

కిందటి వారం పోలరాజుని తెర పక్కన నిలబెట్టేసి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆ మనిషి వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాడు. హాలంతా ఆయన మొహమే చూస్తోంది. పదో తరగతి చదివే తమ్ముడి కూతురు రత్నం అంతమందిలో లేచి, "అబద్ధం పెద్దనాన్నా! ఆ ఫాదరు అలా అనలేదు" అనేసింది. అక్కడ ఆగాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. టాటానగర్లో భాలుబాసా పేట తెలుగు సంఘం వాళ్ళు ఆదివారం మధ్యాహ్నం హాల్లో పౌరాణిక సినిమా ఆడిద్దామని కలకత్తా నుంచి ప్రింటు తెప్పించారు. టాటానగర్ స్టేషన్లో పార్సిలు విడిపించింది సంఘం సెక్రటరీ నారాయణమూర్తి. రేకుపెట్టె మీద పేరైనా చదవకుండా రిక్షా ఎక్కించేశాడు మహానుభావుడు! కిటికీలకి దుప్పట్లు కట్టి, దీపాలార్పి, కొబ్బరికాయ కూడా కొట్టాక చూస్తే తెర మీదికి కిరీటాలూ గదలూ రాలేదు. నల్లంగీల ఫాదర్లు వచ్చారు. ఇంగ్లీషు బొమ్మ. జనం గోలెత్తిపోతుంటే పోలరాజు లేచి తెర పక్కకి వెళ్ళాడు. ఇంగ్లీషు బొమ్మ ఎప్పుడు ఆడినా పక్కన నిలబడి తెలుగులో చెప్పేది ఆయనే. ఇంగ్లీషు దొరల కింద వెల్డింగు పని చేసి, ఫోర్మనయ్యేదాకా చెవిన పడ్డ భాష అది. బొమ్మ కన్నా ఆయన మాటనే ఎక్కువ నమ్ముతారు మనవాళ్ళు.

ఆ బొమ్మలో కథ ఇది. ఒక ఊరి చర్చిలో ముసలి ఫాదరూ, కుర్ర ఫాదరూ ఉంటారు. అనాథ పిల్లల బడి తగలబడి ఒక పిల్ల చనిపోతుంది. దీపం ఆర్పకుండా నిద్రపోయింది ముసలాయన. ఆ పాపం చర్చిలో పాపాలు ఒప్పుకునే జాలీ తలుపు వెనక మోకాళ్ళ మీద కూర్చుని కుర్రాయనకే చెప్పుకుంటాడు. ఊరు మాత్రం కుర్రాయన్నే పట్టుకుంటుంది. ఆయన నోరు విప్పడు. ముసలాయన కన్ను మూస్తాడు. అప్పటికీ విప్పడు. మూట కట్టుకుని ఊరొదిలి వెళ్ళిపోతాడు.

పోలరాజు ఇదంతా చూశాడు, విన్నాడు, అర్థం చేసుకున్నాడు. చేసుకుని, జనానికి మాత్రం ఇంకోలా చెప్పాడు. "ఈ కుర్రోడే తగలెట్టేడు. అందికే నోరు మెదపట్లేదు. తప్పు సేసినోడు ఎలా మాటాడతాడు!" అన్నాడు. అంటూ హాలు చివర చెప్పులు విడిచే చోటికి చూశాడు.

అక్కడ ఆదిబాబు కూర్చున్నాడు, తల్లి జోగమ్మ పక్కన. చుట్టూ జాగా ఉన్నా వాళ్ళ దగ్గర ఎవరూ కూర్చోలేదు. నాలుగేళ్ళ కిందట బిర్సానగర్ అవతల ఒక కంట్రాక్టరు షెడ్డులో పోలరాజు తమ్ముడు, రత్నం తండ్రి బలరామ్ క్రేను గొలుసు నుంచి జారిన ఇనప దూలం కింద నలిగి, ఆస్పత్రిలో పోయాడు. కింద నిలబడి క్రేను నడిపేవాడికి చేత్తో ఇషారా చెప్పే ఖలాసీ ఆదిబాబే. బలరామ్‌కి ప్రాణ స్నేహితుడు కూడా. "నా ఇసారాయే తప్పింది" అని ఎంక్వయిరీలో ఒప్పుకున్నాడు. పని పోయింది, సంఘంలో పిలుపు పోయింది. జోగమ్మ ఇంటికి పండక్కి పిండివంట పట్టుకెళ్ళే మనిషి లేకుండా పోయింది. ఇంక ఉండలేక, తల్లినీ సామాన్నీ తీసుకుని రేపు పొద్దున్న బండికి పలాస వెళ్ళిపోతున్నాడు. వెళ్ళే ముందు ఆఖరుసారి నలుగురి మధ్య కూర్చుని దేవుడి బొమ్మ చూస్తానంది ముసల్ది. ఆవిడ ఖర్మకి ఈ బొమ్మ వచ్చింది.

ఇప్పుడు హాల్లోకి వెళ్దాం.

నారాయణమూర్తి గబగబా దీపాలు వేయించి, "గొడవలొద్దు! సాయంత్రం ఆరుకి మళ్ళీ ఆడిద్దాం. పోలరాజు ఈసారి సరిగ్గా సెప్తాడు" అని జనాన్ని బయటికి సాగనంపాడు. పోలరాజు ఎవరితోనూ మాట్లాడకుండా హాలు వెనక గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. దసరా పందిరి గుడ్డలూ, విరిగిన కుర్చీలూ పడేసే గది అది. వెనకాలే రత్నం వచ్చింది.

"ఏటే, నలుగుర్లోన నా పరువు తీసేత్తావా?"

"ఆప్ నే గలత్ బోలా, పెద్దనాన్నా."

"తెలుగులో యేడు."

"తప్పు చెప్పారు." పిల్ల తగ్గలేదు. "వో బోల్ నహీ సక్తే. ఆ జాలీ తలుపు వెనక విన్నది బయట చెప్పకూడదు. ప్రాణం పోయినా సరే. మా స్కూల్లో సిస్టరు చెప్పింది. చెప్తే ఇంక ఆయన ఫాదరే కాదు."

పోలరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఈ పిల్లని కసురుకోవడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. తమ్ముడు పోయిన రోజు నుంచీ దాని మొహంలో తమ్ముడే కనిపిస్తాడు.

"ఇలా ఇనవే అమ్మా. ఆ బొమ్మలోన మలుపులు నాకు తెలవక కాదు. బొమ్మ తీసినోడు ముసిలోడే దీపం ఒదిలేసేడన్నాడు, నమ్మేను. ముసిలాళ్ళు నిద్దరోతారు. సెప్పుకుంటే ఆ కుర్రోడికే సెప్పుకున్నాడన్నాడు, సరే పోనీ అనుకున్నాను. ఆకరిది మాత్రం నాకు గొంతు దిగలేదు. ముసిలోడు సచ్చిపోయేడు కదా! ఇంకెవుల కోసం మూసుకున్నాడు నోరు? సచ్చినోడి పరువు కోసం బతికున్నోడు రాళ్ళ దెబ్బలు తిని, ఊరొదిలి ఎల్తాడా? బొమ్మ తీసినోడికి బుర్ర లేదు. అందికే నాను సరిసేసి సెప్పేను."

"మలుపు నచ్చకపోతే కథ మార్చేస్తారా?"

"నచ్చక కాదే! ఉండదు. అలాటి మనిసి ఉండడు."

గట్టిగానే అన్నాడు. మరీ అంత గట్టిగా ఎందుకన్నాడో ఆయనకే తెలియలేదు. అలాంటి మనిషి ఉంటాడని ఒప్పుకుంటే నాలుగేళ్ళుగా తను మోస్తున్న కోపాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియదు కాబట్టి అని మనకి తెలుస్తూనే ఉంది.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

"గుంటనేటీ అనకు అన్నియ్యా."

ఆదిబాబు. నాలుగేళ్ళలో పోలరాజుతో అతను మాట్లాడిన మొదటి మాట అది. చొక్కా వదులైపోయింది, చెంపలు లోపలికి పోయాయి. ఇంకా నలభై దాటలేదు, జుట్టు సగం తెల్లబడింది.

"ఆ బొమ్మ నువ్వు సెప్పినట్టే ఉన్నాది" అన్నాడు నేలకేసి చూస్తూ. "సబబుగానే సెప్పేవు. రత్నానికేటి తెలుసు, సిన్న గుంట."

పోలరాజు తల ఎత్తాడు. వీణ్ణి నలుగుర్లో దొంగని చేసిన కథని, వీడే వచ్చి నిజమంటున్నాడు!

"ఆ కుర్ర ఫాదరే తగలెట్టేడంటావు?"

"నోరు మెదపనోడిదే తప్పన్నావు కదా. అంతే అయుంటాది."

అది విన్నాక పోలరాజుకి కోపం రావాలి. రాలేదు. లేచి నిలబడ్డాడు. తువ్వాలు తీసి కుర్చీ మీద పడేశాడు.

"రేపు బండెక్కేత్తన్నావంట కదా?"

"ఎల్తన్నాం."

"ఎల్లే ముందర నాకొక్క మాట కావాల. ఎంక్వయిరీలోన సెప్పేవు, మేటుకి సెప్పేవు, సంఘంలోన సెప్పేవు. నాకు సెప్పలేదు. ఇలా రా. నా నెత్తి మీద సెయ్యెట్టు. ‘బలరామ్‌ని నా ఇసారాయే సంపింది’ అను. ఆ ఒక్క మాటా అనేసి ఎల్లిపో. నాను మరి నీ జోలికి రాను."

మనవాళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కరిగిన ఇనుము పక్కన నిలబడి బీడీ ముట్టించుకునే మొగాళ్ళు కూడా ఈ ఒక్కదానికి జడుస్తారు. తల మీద చెయ్యి వేసి అబద్ధమాడితే ఆ తల దక్కదు. కోర్టులో ఆడొచ్చు, ఆఫీసరు ముందు ఆడొచ్చు, గుళ్ళో కూడా ఆడేసి తర్వాత దండం పెట్టుకోవచ్చు. ఇక్కడ కుదరదు. ఇక్కడ పోయేది ఎదటి ప్రాణం.

ఆదిబాబు దగ్గరికి వచ్చాడు. కుడి చెయ్యి ఎత్తాడు. పోలరాజు తల వంచి కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి పడుతుందని ఎదురుచూశాడు. పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆ చెయ్యి నెత్తికి జానెడు ఎత్తులో ఆగిపోయి ఉంది.

"ఎట్టరా!"

"నా వల్ల కాదన్నియ్యా."

"ఏం? నాలుగేళ్ళు ఊరందరికీ సెప్పిన మాటే కదా? నాకు సెప్పడానికేటయింది?"

ఆదిబాబు చెయ్యి వెనక్కి తీసుకుని చంకలో దాచుకున్నాడు.

"నువ్వు నూరేళ్ళు బతకాల" అన్నాడు.

పోలరాజు కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీకి ఒక కాలు విరిగి ఉంది. రత్నం వచ్చి పట్టుకోకపోతే పడిపోయేవాడే. నాలుగేళ్ళు! ఎదురుపడితే ఉమ్మేసి వెళ్ళాడు. జోగమ్మకి సంఘంలో దీపం పెట్టనివ్వొద్దని లేచి మాట్లాడింది తనే. ఆ ముసల్ది కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడితే, ఆడవాళ్ళు పక్కకి తప్పుకోవడం చూసి బాగా అయిందనుకున్నది తనే.

"మరి నిజమేటిరా?"

ఆదిబాబు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సెప్పవేటి? సెప్పనని ఎవుల తల మీదేసేవురా ఒట్టు?"

ఆదిబాబు కళ్ళు ఒక్క క్షణం రత్నం మీదికి పోయి, చటుక్కున నేలకి దిగిపోయాయి. పోలరాజు చూశాడు. రత్నం కూడా చూసింది.

"హాస్పిటల్ మే..." అంది రత్నం మెల్లిగా. "నాన్న నన్ను దగ్గరికి రమ్మన్నాడు. మీరందరూ బయటికి వెళ్ళారు. ఆది చిన్నాన్న ఒక్కడే ఉన్నాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని నా తల మీద పెట్టాడు. ఏదో చెప్పాడు, నాకు వినపడలేదు. చిన్నాన్న ఏడ్చాడు. ముఝే లగా, ఆశీర్వాద్ దే రహే హై."

ఆశీర్వాదం ఇస్తున్నారనుకుంది పిచ్చితల్లి. ఇన్నేళ్ళూ అదే అనుకుంటూ పెరిగింది.

పోలరాజుకి ఆ రోజు మళ్ళీ కళ్ళ ముందుకి వచ్చేసింది. ఆస్పత్రి మంచం, నెత్తుటి గుడ్డలు, తమ్ముడి నోటి దగ్గర తను చెవి పెట్టడం. వాసన వచ్చింది. సారా వాసన. ఆస్పత్రి కదా, స్పిరిటు కంపేమో అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, అలా అనుకోమని తనకి తానే చెప్పుకున్నాడు. తర్వాత ఆ సంగతి మళ్ళీ తలుచుకోలేదు.

ఇంక మిగిలింది దానంతటదే కూడుకుంది. తాగి డ్యూటీకి వచ్చిన బలరామ్, వద్దన్నా వినకుండా తనే దూలం కిందికి దూరాడని తేలితే ఏ కంట్రాక్టరైనా వాడి పెళ్ళానికి నౌకరీ ఇస్తాడా? ఇషారా చెప్పినవాడి తప్పు అయితే ఇస్తాడు. ఇచ్చాడు. బలరామ్ పెళ్ళాం బంగారమ్మ నాలుగేళ్ళుగా ఆ షెడ్డు క్యాంటీన్లో వంట చేస్తోంది. ఆ జీతం మీదే రత్నం ఇంగ్లీషు బడికి వెళ్తోంది, వెళ్ళి ఇంగ్లీషు బొమ్మ అర్థం చేసుకుంటోంది, చేసుకుని పెదనాన్నని నలుగుర్లో నిలదీసింది. చచ్చేటప్పుడు తమ్ముడు స్నేహితుడి చెయ్యి పట్టుకుని కూతురి తల మీద ఎందుకు పెట్టించాడో ఇంక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పోలరాజు ఆదిబాబు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని భోరుమన్నాడు. మాటల్లేవు. "ఆదీ... ఒరే ఆదీ..." అనడమే. ఆదిబాబు కంగారు పడిపోయాడు.

"నానేటీ సెప్పలేదన్నియ్యా! గుర్తెట్టుకో. నా నోటంట ఒక్క మాట రాలేదు. రత్నానికేటీ కాకూడదు."

"సెప్పలేదురా నాయనా. నువ్వు సెప్పలేదు."

"పెద్దనాన్నా!" రత్నం భుజం పట్టుకుని కుదిపింది. "ఏమైంది? నాన్న ఏం చెప్పాడు ఆ రోజు? బతాయియే నా!"

పోలరాజు ఆ పిల్ల మొహం చూశాడు. తండ్రి ఫోటోకి రోజూ గన్నేరు పువ్వు పెట్టి గానీ బడికి వెళ్ళని పిల్ల. నోరు తెరిచాడు. మూసేశాడు.

"ఆశీర్వాదమేనే అమ్మా" అన్నాడు.

కాసేపటి కిందట అలాంటి మనిషి ఉండడని వాదించినాయన, ఇప్పుడు తనే నోరు మూసుకున్నాడు. ఈసారి గొంతు కూడా దిగింది.

ఆరయ్యేసరికి హాలు మళ్ళీ నిండింది. మధ్యాహ్నం గొడవ పేటంతా పాకి, రానివాళ్ళు కూడా వచ్చారు. ముందు వరసలో ఆడవాళ్ళ వైపు బంగారమ్మ కూర్చుంది. క్యాంటీను నుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఒళ్ళో ఖాళీ టిఫిను క్యారియరు ఉంది, వంటపని చీర మార్చుకోలేదు. బావగారు తెర పక్కకి రావడం చూసి అలవాటుగా పైట భుజం చుట్టూ కప్పుకుని తల దించుకుంది. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆవిడ పోలరాజుతో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. అన్నానికి పిలవాలన్నా, జబ్బు చేసిందని చెప్పాలన్నా రత్నమే మధ్యలో ఉండాలి. చెప్పుల దగ్గర జోగమ్మా ఆదిబాబూ కూర్చున్నారు. మూటలు కూడా తెచ్చేసుకున్నారు, ఇక్కణ్ణించే స్టేషనుకి పోయి తెల్లారేదాకా అక్కడే ఉంటారట. ముసల్ది ఆ మూట మీద చెయ్యి వేసుకుని, ఇంకా బొమ్మ పడని తెరకేసి బుద్ధిగా చూస్తోంది.

పోలరాజు ముందు మూటలు చూశాడు, తర్వాత టిఫిను క్యారియరు చూశాడు. నిజం బయట పెడితే బంగారమ్మ కూడు పోతుంది. పెట్టకపోతే జోగమ్మ రేపు బండెక్కుతుంది. రెండిళ్ళలో ఏదో ఒకటి తన చేత్తో కూల్చాలి. ఇంత వయసొచ్చాక దేవుడు ఇలాంటి చిక్కు పెట్టాడేమని మనసులోనే తిట్టుకున్నాడు.

బొమ్మ మొదలైంది. పోలరాజు ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ముసలి ఫాదరు దీపం వదిలేశాడన్నాడు. జాలీ తలుపు వెనక ఏడ్చాడన్నాడు. ఊరు రాళ్ళేసినా కుర్ర ఫాదరు బయట పెట్టలేదన్నాడు. జనం మధ్యాహ్నంలా ఈలలు వెయ్యలేదు. ముసలి ఫాదరు పెట్టె మట్టిలోకి దిగింది. కుర్ర ఫాదరు మూట కట్టుకుంటున్నాడు.

"ఏటి పోలరాజూ, మద్దేనం ఓలాగ, ఇప్పుడోలాగ?" అన్నాడు నారాయణమూర్తి.

"మద్దేనం నాను అబద్దం సెప్పేను."

వెనక నుంచి తవిటయ్య లేచాడు. పేటలో కిరాణా కొట్టు ఆయనది, దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. "అదేం కథయ్యా! ముసిలోడు పోయేక కూడా సెప్పడా? సచ్చినోడి కోసం బతుకు పాడుసేసుకునే ఎర్రోడు ఎక్కడుంటాడు? బొమ్మ తీసినోడు మనల్ని ఎదవల్ని సేత్తన్నాడు!"

"ఉంటాడు" అన్నాడు పోలరాజు. "నాను సూసేను."

అనేశాక గానీ ఏమన్నాడో తెలియలేదు. ఒక్కొక్క తలా వెనక్కి తిరుగుతోంది, చెప్పులు విడిచే చోటికి.

"ఎవుల్ని సూసేవు?" అన్నాడు నారాయణమూర్తి.

ఆదిబాబు దూరం నుంచే రెండు చేతులూ జోడించి వద్దని తల ఆడించాడు. రత్నం పెదనాన్న కేసి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. తెర మీద కుర్ర ఫాదరు మూట భుజాన వేసుకుని నడిచిపోతున్నాడు, ఆయన నల్లంగీ నీడ పోలరాజు మొహం మీద పడి కదులుతోంది.

"సెప్పవయ్యా! ఎవుల్ని?"

ముందు వరసలో టిఫిను క్యారియరు కింద పెట్టిన చప్పుడైంది. బంగారమ్మ లేచింది. పైట సర్దుకోలేదు, తల దించుకోలేదు. రత్నం వైపు చూడనైనా లేదు. తిన్నగా పోలరాజు కళ్ళలోకి చూసింది.

"బొమ్మ ఆపించండి బావగారూ" అంది. "ఆది మరిదిని బండెక్కనీకండి. నా పెనిమిటి ఆ దినం ఏ తీరున డూటీకి ఎల్లేడో నాకు తెలుసు. అన్నం ఎట్టి పంపింది నాను."